గుడ్డి తాత మోకు

చిన్నతాళ్ళపల్లి,
3-2-1958

లింగస్వామి అన్నకు, వదినకు చెల్లె సత్తమ్మ దండాలు.

నాయినను నల్గొండ దవాఖాన నుంచి పోయిన నెలలోనే ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చుకున్నాం. తుంటి ఎముక అతికింది గాని వంకరగా అతికిందట. కర్ర పట్టుకొని వాకిట్లోకి వస్తాడు, అంతే. ఇక తాటిచెట్టు ఎక్కడం ఈ జన్మకు లేదని డాక్టరు మొహం మీదనే చెప్పేశాడు. నాయిన బండిలో వచ్చేటప్పుడు దారి పొడుగునా చెట్ల కొసలే చూస్తూ వచ్చాడు.

నడుముకూ చెట్టుకూ చుట్టుకునే ఆ మోకు, అంత మోటుతాడు, చెట్టు మీద ఉండగా ఎట్లా తెగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నాయిన దాని ముక్కలు పారేయనివ్వడు. మంచం కింద పెట్టుకున్నాడు.

కులపెద్ద భిక్షం పెద్దయ్య వచ్చి చూసిపోయాడు. కూర్చున్నంతసేపూ మంచి మాటలే మాట్లాడాడు. లేచేముందు అసలు మాట అన్నాడు. "మారయ్యా, మోకు పట్టే మనిషి లేని ఇంటికి చెట్లుండయి. నీకు తెల్వని రివాజు గాదు. కాటమయ్య పండుగ దాక ఆగుతం. గా దినం మీ ఇంటి మనిషి మోకు పట్టుకొని దేవుని ముంగట నిలబడాలె. లేకుంటే మీ పద్దెనిమిది చెట్లు తలా ఇన్ని పంచుకుంటం."

చెట్లు ఎవరెక్కుతున్నారని అడిగావు. ఎక్కుతున్నారు. ఒక్క చెట్టూ ఎండలేదు, ఒక్క కల్లు లొట్టీ పగలలేదు. నువ్వు ఫికర్ పడి రైల్వే గోదాము నౌకరి విడిచి రావద్దు. ఇది నాయిన మాట. మేనబావ మల్లప్ప దేవరకొండ నుంచి వచ్చి నాయినకు బాగా ధైర్యం చెప్పాడు. వదిన దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం తాగమను. చేదని పారబోస్తుంది, దగ్గరుండి తాగించు.

నీ చెల్లె
సత్తమ్మ


జడ్చర్ల,
11-2-1958

చెల్లె సత్తమ్మను అన్న లింగస్వామి దీవించి రాయునది.

నీ జాబు చూసి గుండె మీద బరువు దిగింది. మల్లప్ప మన చెట్లు ఎక్కుతున్నాడంటే ఇక నాకు దిగులు లేదు. సొంత మేనమామ కొడుకు, పరాయివాడు కాదు. కాటమయ్య పండుగనాడు ఇంటి అల్లుని వరసలో అతడే నిలబడవచ్చు. భిక్షం పెద్దయ్య కాదనడు.

ఇక్కడ గోదాములో నాతో పనిచేసేవాళ్ళకు మన తాత సంగతి చెబితే నోళ్ళు తెరుస్తారు. అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాక కూడా పదకొండేళ్ళు తాటిచెట్లు ఎక్కిన మనిషి ఇంకెక్కడైనా ఉన్నాడా? తెల్లవారకముందే ఎక్కి దిగేవాడట. గుడ్డివానికి చీకటైతేనేం, వెలుగైతేనేం అనేవారట జనం. కాటమయ్యే చెయ్యి పట్టి ఎక్కించేవాడని చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళలో చెప్పుకుంటారు. గుడ్డి ఎల్లేశం మనుమడినని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. ఆయన మోకు, పాదాలకు తొడుక్కునే గుజి, రెండూ నా కిరాయి ఇంట్లో దేవుని పటం పక్కనే వేలాడదీశాను. రోజూ ఊదుబత్తి వెలిగిస్తాను. మీ వదిన కూడా వాటిని ముట్టదు.

నీకు ఒక మాట. ఆడవాళ్ళు మోకు దాటితే ఎక్కినవాడు పడతాడు. పైగా నువ్వు మొగుడు పోయి పుట్టింట్లో ఉన్నదానివి. మల్లప్ప మోకు దగ్గరికి పోకు.

ఆశీస్సులతో
లింగస్వామి


చిన్నతాళ్ళపల్లి,
24-2-1958

అన్నకు దండాలు.

నీ జాబు నాయినకు చదివి వినిపించాను. తాత సంగతి వచ్చినచోట దగ్గు మొదలై చాలాసేపు ఆగలేదు. మళ్ళీ చదవనా అంటే వద్దన్నాడు.

మోకు దగ్గరికి పోకు అన్నావు. సరే పోను. మోకే నా దగ్గరికి వస్తే ఏం చేయమంటావు?

వేళాకోళానికి అన్నాను, కోపం తెచ్చుకోకు. ఇక్కడ అంతా బాగానే ఉంది. కల్లు బాగా పారుతోంది. ఈ మధ్య పొద్దున్నే మంచు విడిపోగానే పానగల్లు చెరువు పళ్ళెంలాగా మెరుస్తుంది. ఆ పక్కన నల్గొండ గుట్టలు రెండూ ఎంత దగ్గరగా కనిపిస్తాయో! ఊరంతా కాళ్ళ కింద ఉన్నట్టుంటుంది. ఎవరింట్లో పొయ్యి రాజిందో, ఎవరింట్లో రాజలేదో పొగ చూసి చెప్పొచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా పుట్టిన ఈ ఊరును చూడలేదు కదా అనిపిస్తుంది. మన ఇంటి కప్పు మీద రెండు పెంకులు జారాయి. వానల లోపల సర్దించాలి.

ఏదో రాస్తూ పోయాను. వదినను అడిగానని చెప్పు.

సత్తమ్మ


(కార్డు)
జడ్చర్ల,
8-3-1958

సత్తమ్మకు,

కవరు దొరకలేదు, కార్డు మీదనే రాస్తున్నాను. నీ జాబు నాలుగుసార్లు చదివాను. పొద్దున్నే ఊరు కాళ్ళ కింద కనిపించే చోటికి నువ్వెందుకు పోతున్నావు? గుట్ట ఎక్కుతున్నావా? చీకటితోనే మల్లప్ప వెంట పోతున్నావన్నమాట. సిగ్గుండాలి. మల్లప్పకు భార్య చనిపోయి రెండేళ్ళయింది, నీకూ తోడు లేదు. ఇష్టమే ఉంటే నాకు చెప్పి ఉండవలసింది. అతనితో మారుమనువు నేనే మాట్లాడతాను. అప్పటిదాకా గడప దాటకు.

లింగస్వామి


చిన్నతాళ్ళపల్లి,
16-3-1958

అన్నా,

ఈసారి దండాలు పెట్టడం లేదు.

నీ కార్డు వచ్చేసరికి నేను ఇంట్లో లేను. నాయినకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. ఏం ఆపద వచ్చిందోనని కర్ర పట్టుకొని కాలీడ్చుకుంటూ కోమటి దుకాణం దాకా పోయి అరుగు మీద చదివించాడు. అరుగు మీద తొమ్మండుగురు ఉన్నారు. నీకు కవరు దొరకలేదు! కవరు దొరికేదాకా ఒక్కరోజు ఆగలేకపోయావు. పొద్దుగూకేసరికి సత్తమ్మ చీకటితో మల్లప్ప వెంట పోతోందని, చెట్లెక్కేదీ అతడేనని ఊరంతా గుప్పుమంది.

మర్నాడు ఆరుగురు మనుషులు కర్రలతో మన చెట్ల దగ్గర ఈతపొదల వెనక మాటు వేశారు. వాళ్ళలో భిక్షం పెద్దయ్య కూడా ఉన్నాడు. నాకు తెలియదు. నేను నాలుగో చెట్టు మీద ఉన్నాను.

అవును, నేనే. చదివింది చాలకపోతే మళ్ళీ చదువు. చీర గోచి పోసి, నడుముకు మోకు బిగించి, పాదాలకు గుజి వేసుకొని చెట్టు కొసన కూర్చొని గెల గీస్తున్నాను. కింద నుంచి ఒకటే అరుపులు. "దిగురా! మల్లప్పా! దిగు, నీ సంగతి జూస్తం!" చేతిలో కత్తి జారబోయింది. కత్తిని నడుముకున్న ముత్తాదు ఒరలో పెట్టుకొని మెల్లగా దిగాను. నా కాలు నేలకు ఆనినప్పుడు పెద్దయ్య చేతిలో కర్ర కింద పడింది.

"నువ్వా?" అన్నాడు.

"నేనే పెద్దయ్యా."

వెంట వచ్చినవాళ్ళలో ఒకడు, ఏం అడగాలో తోచక కాబోలు, "మరి మల్లప్ప యాడున్నడు?" అన్నాడు. "దేవరకొండల ఉన్నడు. యాడుంటడు?" అన్నాను. బావ మన చెట్ల మొదలు కూడా చూడలేదన్నా. నువ్వే అట్లా అనుకున్నావు. నేను కాదనలేదు, అది నా తప్పు. నీకు తెలిస్తే నౌకరి విడిచి పరుగెత్తుకొస్తావని నాయిన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మంచంలో పడుకొనే నార పేని, పురికొసతో నా నడుము కొలిచి, ఈ మోకు కట్టింది నాయినే. చెట్టు కింద కుక్కి మంచం వేయించుకొని "ఎడమ కాలు, ఎడమ కాలు" అంటూ నేర్పిందీ నాయినే.

ఆడది ముట్టిన మోకు కాటమయ్య ముందుకు రాకూడదని ఇప్పుడు కులం అంటోంది. పండుగనాడు తేలుస్తారట. నువ్వు నా పక్కన ఉంటావా, ఉండవా? అదొక్కటి రాయి.

సత్తమ్మ


జడ్చర్ల,
20-3-1958

సత్తమ్మకు,

నిన్న మల్లప్ప ఇక్కడికి వచ్చాడు. నేనే కబురంపాను. అన్నం పెట్టి, మనువు మాట ఎత్తి, మా చెట్లు నిలబెట్టిన మనిషివి, నీ రుణం ఉంచుకోను అన్నాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "నేను చెట్లెక్కుడేంది బావా? నేను గొర్లు మేపుకునేటోన్ని. నాకు గోడెక్కాలంటేనే కండ్లు తిరుగుతయి," అన్నాడు. సరిగ్గా అప్పుడే టపా వచ్చింది. నీ కవరు.

ఏం రాయమంటావు? రాత్రంతా కళ్ళ మీద కునుకు లేదు. నువ్వు చెట్టు కొసన ఉన్నట్టు, ఆ మోకు తెగినట్టు, అదే కళ్ళ ముందు. కార్డు రాసినందుకు నన్ను చెప్పుతో కొట్టు, పడతాను. కాని నువ్వు చేసింది చిన్న పని కాదు. చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో నీకు అక్షరాలు నేర్పాను. ఆడపిల్లకెందుకురా అని అందరూ అన్నారు. వాళ్ళ మాట వినవలసింది. అక్కడే నీకు భయం పోయింది.

మూడు తరాలుగా మన ఇంట్లో ఏ ఆడదీ మోకు ముట్టలేదు. కళ్ళు లేని తాతే ఇంటి మోకు ఆడవాళ్ళ చేతికి పోనివ్వకుండా కాపాడుకున్నాడు. ఆ పేరు నీ చేత పోతుందా? చెట్లు పోతే పోనీ. నాయినను తీసుకొని ఇక్కడికి వచ్చెయ్. రేపటి నుంచి ఎక్కకు. ఇది నా ఆజ్ఞ.

లింగస్వామి


చిన్నతాళ్ళపల్లి,
28-3-1958

అన్నకు,

నీ జాబు నాయినకు చదివాను. అక్షరాలు నేర్పడం తప్పయిందన్న ముక్క మాత్రం చదవలేదు. అది నేనొక్కదాన్నే మింగాను.

తాత పేరు దగ్గరికి రాగానే నాయిన "ఆపు" అన్నాడు. మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను. నేను వింటూ చేతిలో చాట కింద పడేశాను, నువ్వు కూర్చొని చదువు.

"మీ తాత కండ్లు పోయినంక ఒక్క దినం చెట్టెక్కలే. ఒక్క దినం గూడ. గా అరుగు మీదనే కూసుండి బీడి తాగేటోడు. ఎక్కింది మా అవ్వ, నన్ను గన్న తల్లి, అండాలు. తాత ధోతి గట్టి, తలకు రుమాలు జుట్టి, ఎవలు లేవకముందే పోయి వచ్చేది. పదకొండేండ్లు. నాకు చెట్టెక్కుడు నేర్పింది మా నాయిన గాదు, మా అవ్వ. ఊరు తాత పేరు జెప్పుకుంటుంటె నా పెండ్లాం పనిమంతురాలని ఆయన అనలే. అవ్వ గూడ అననియ్యలే, చెట్లు పోతయని. నేను గూడ అనలే."

ఆ "నేను గూడ అనలే" దగ్గర నాయిన ఏడ్చాడు. మన అమ్మ పోయినప్పుడు కూడా నేను ఆయన కళ్ళలో నీళ్ళు చూడలేదు. అండాలు అవ్వ చచ్చిపోయిననాడు నీళ్ళు పోసిన ఆడవాళ్ళు ఆమె రొమ్ము మీద చెట్టు గీరిన కాయలు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. వాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మనం ఇన్నేళ్ళూ ఆ మనిషి పేరు మీద ఒక్క కొబ్బరికాయ కూడా కొట్టలేదు.

నమ్మకపోతే ఒక పని చెయ్. ఎవరి కొలతకు కట్టిన మోకు వారికే పనికొస్తుంది. దేవుని పటం పక్కన ఉన్నది తీసి నడుముకు ఆనించి చూడు. గుజి తొడిగి చూడు.

నేను రోజూ ఎక్కుతూనే ఉన్నాను.

సత్తమ్మ


జడ్చర్ల,
10-4-1958

సత్తమ్మకు,

నీ జాబు వచ్చి వారం దాటింది. ఆ వారమంతా మోకు వైపు చూడకుండా తిరిగాను. నాయినకు మతి తప్పిందని కూడా అనుకున్నాను.

మొన్న ఆదివారం తీశాను. మోకుకు నడుము వెనక ఆనే పట్టె ఉంటుంది కదా, రెండు తుంటి ఎముకల దాకా రావాలి. నాకు సగంలోనే ఆగిపోయింది. నేను ఒళ్ళు చేశానేమో అనుకున్నాను. గుజి తొడిగాను. వేళ్ళ దగ్గరే పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చాయి తాత చెప్పులు. నీకూ గుర్తుండాలి. చిన్నప్పుడు నా రెండు పాదాలూ ఆయన ఒక్క చెప్పులో పట్టేవి. పన్నెండేళ్ళుగా ఈ గుజి నా కళ్ళ ముందే వేలాడుతోంది. రోజూ ఊదుబత్తి పొగ దానికే పట్టాను. ఒక్కనాడైనా ఆ చెప్పులు గుర్తుకు రాలేదు!

మీ వదిన యాదలక్ష్మి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "జర ఇటియ్యి," అంది. ముట్టవద్దని పన్నెండేళ్ళుగా చెబుతున్న మనిషినే తీసి ఇచ్చాను. గుజి తన పాదాలకే కట్టినట్టు సరిపోయింది. పట్టె తుంటి నుంచి తుంటికి వచ్చింది. యాదలక్ష్మి పట్టెను నిమురుతూ, "గింత చిన్న మనిషేనా మీ అవ్వ," అంది. నేను ఏడ్చాను చెల్లె. గోదాములో, బజార్లో, రైళ్ళలో ఇన్నేళ్ళు నేను ఎవరి గొప్ప చెప్పుకున్నాను?

పండుగకు నాకు సెలవు దొరకలేదు. యాదలక్ష్మి మోకు తీసుకొని కల్వకుర్తి, దేవరకొండ బస్సు మీద వస్తుంది. ఒక్కతే ఎట్లా పోతావంటే నన్ను ఒక చూపు చూసింది.

ఒక్కటే బతిమాలుతున్నాను. నీ పని వరకు మాట్లాడండి. తాత పేరు మాత్రం నలుగురిలో తీయకండి. ఆ ఒక్కటీ నాకు ఉండనీ.

లింగస్వామి


చిన్నతాళ్ళపల్లి,
5-5-1958

అన్నకు దండాలు.

నువ్వు బతిమాలినట్టు చేయాలనే అనుకున్నాం. కాని మోకే మాట్లాడింది.

పండుగ రోజు కాటమయ్య ముందు ఇరవై రెండు మోకులు వరసగా పెట్టారు. నాది పెట్టనివ్వలేదు. వదిన మాత్రం ఎవరినీ అడగకుండా నడిచిపోయి జడ్చర్ల నుంచి తెచ్చిన మోకు ఆ వరసలో పెట్టింది. గుడ్డి ఎల్లేశం మోకు అనగానే అందరూ లేచి దండం పెట్టారు. భిక్షం పెద్దయ్య కళ్ళకు అద్దుకోవడానికి చేతిలోకి తీసుకున్నాడు. పట్టె మీద చెయ్యి పోనిచ్చాడు. ముడి దగ్గర ఆగాడు. ముడి విప్పబోయినట్టు వేళ్ళతో తడుముతూ అట్లాగే ఉండిపోయాడు. ఎనభై ఏళ్ళ మనిషి, పడిపోతాడేమోనని నేను పట్టుకున్నాను.

"గిది మా నాయిన కట్టిన ముడి," అన్నాడు. "కట్టెటప్పుడు నేను పక్కనే ఉన్న. పురికొస మీద కొలత జూసి, గిది ఎవలికి నాయినా అంటె, ఎల్లేశానికి అన్నడు. గప్పుడు గూడ ఎల్లేశం గా అరుగు మీదనే కూసుండి ఉండె. గంత మనిషికి గింత కొలతేందని నేను అడగలే." తర్వాత నాయిన వైపు తిరిగి, "మారయ్యా, ఎవలిది?" అని అడిగాడు.

నాయిన కర్ర ఊతతో లేచి నిలబడి, "మా అవ్వది. అండాలుది," అన్నాడు. అన్నా, నల్గొండ నుంచి వచ్చిన డప్పులవాళ్ళు కూడా డప్పు ఆపేశారు.

ఇక నా మోకుకు అడ్డేమిటి అనుకున్నాను. పెద్దలు పక్కకు పోయి మాట్లాడుకొని వచ్చారు. భిక్షం పెద్దయ్య మంచితనంగానే చెప్పాడు. "చెట్లు మీ ఇంటియే బిడ్డా. ఎక్కేది నువ్వే ఎక్కు. చెట్లెక్కేటోల్ల పేర్లు రాసే కులం పుస్తకంల మాత్రం లింగస్వామి పేరు రాస్తం. ఎన్కట గిట్లనే నడిచింది గద, ఎవలికి నష్టమైంది?"

అవ్వ సంగతి విని దిమ్మెరపోయిన వాళ్ళే, అవ్వకు చేసినదే నాకూ చేస్తామన్నారు. అదీ నన్ను దీవిస్తున్నట్టు. నాకంటే ముందు వదినే అడిగింది. "మా ఆయన జడ్చర్లల రైలు గోదాముల కూసుంటడు. గాడికెల్లి చెట్టెట్లెక్కుతడు?" కొందరు నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు. లింగస్వామి సరేనని రాసి పంపితే పేరు ఎక్కిస్తామన్నాడు. జ్యేష్ఠం లోపల నీ జవాబు రావాలి.

చెట్లు ఎట్లైనా మనవే. అన్నం ఎట్లైనా దొరుకుతుంది. అవ్వకు నోరు లేక ఊరుకోలేదు, చెట్లు పోతాయని ఊరుకుంది. ఇప్పుడు ఆ భయం కూడా లేదు. తాత పేరు నీకెంత ఇష్టమో నాకు తెలుసు. నువ్వే రాయి. వదిన నాలుగు రోజులుండి వస్తుంది, రెండు బారలైనా చెట్టెక్కి చూస్తానని ఒకటే పోరు.

సత్తమ్మ


(కార్డు)
జడ్చర్ల,
11-5-1958

చిన్నతాళ్ళపల్లి గౌండ్ల కులపెద్దలకు మారయ్య కొడుకు లింగస్వామి దండాలు పెట్టి రాయునది.

నాకు తాటిచెట్టు ఎక్కడం రాదు. రానివాని పేరు రాయకండి. మా పద్దెనిమిది చెట్లూ ఎక్కుతున్నది మా చెల్లె సత్తమ్మ. ఆమె పేరే రాయండి. పుస్తకంలో వెనకటి పేజీ తిప్పి, మా తాత ఎల్లేశం పేరున్న చోట కొట్టివేసి అండాలు అని రాయండి. పదకొండేళ్ళకూ రాయండి. ఎవరైనా అడిగితే నేను అండాలు మనుమణ్ణి అని చెప్పండి.

సత్తమ్మా, పెట్టెలో కవర్లు నాలుగున్నాయి. అయినా పోయి కార్డు కొనుక్కొచ్చాను. దీన్ని నాయినకు నువ్వు చదివి వినిపించకు. కోమటి దుకాణం అరుగు మీదికి తీసుకుపోయి, తొమ్మండుగురూ ఉన్నప్పుడు చదివించమను.

లింగస్వామి